ముక్కలుగా చెప్పు, అతికించకు

నిత్యానందం సారుకు ఒక్కటే జబ్బు. ఎదుటి మనిషి నోట్లోంచి మాట బయటపడితే చాలు, దాన్ని పట్టుకుని కీలుకు కీలు విడదీసి, ఎక్కడ అతికించారో, అతికించేటప్పుడు ఏ శబ్దం అరిగిందో, ఏ శబ్దం రంగు మారిందో చూస్తేగాని ఆయనకు ముద్ద దిగదు. మా బజారులో కోడిని కోసేవాడు కూడా వారానికొక రోజు కత్తి పక్కన పెడతాడు. సారుకు సెలవు లేదు.

నేను ఇంటర్మీడియట్ మధ్యలో వదిలేసిన మాట నిజం. కానీ ఒక యూనివర్సిటీ నా ఆటోలో తిరిగిందన్న మాట కూడా అంతే నిజం. సారు ఏదో పెద్ద యూనివర్సిటీలో భాషాశాస్త్రం చెప్పి, రిటైరై, సొంతూరు మార్కాపురం వచ్చి నా ఆటో ఎక్కారు. అప్పటినుంచి దిగలేదు. ఆయన పాఠాలన్నీ మొదటినుంచి చివరిదాకా విన్నవాణ్ణి ఈ దేశంలో నేనొక్కణ్ణే. మిగిలినవాళ్ళంతా మధ్యలో దిగిపోయేవాళ్ళు. నాకు ఆ సౌకర్యం లేదు, హ్యాండిలు నా చేతిలో ఉంది కదా.

ఎక్కిన మొదటి రోజే అడిగారు.

"నీ పేరేంది నాయనా?"

"హరిబాబు సార్."

"హరి, బాబు. అతికినా ఎక్కడా అరగలేదు. అదృష్టవంతుడివి. నాది చూడు. నిత్య, ఆనందం. రెండూ కలిసేచోట ఒక అచ్చు మాయమైంది."

"ఎవరు ఎత్తుకపోయినారు సార్?"

సారు వెనక సీట్లోంచి ముందుకు వంగి నా భుజం మీద చెయ్యి వేశారు. "నా సర్వీసంతటిలో ఈ ప్రశ్న ఒక్క విద్యార్థి కూడా అడగలేదు" అన్నారు. నేను చదువు వదిలేయడం వల్ల నష్టపోయింది నేను కాదు, చదువేనని ఆరోజు నాకు రూఢి అయింది.

సారు చంకలో ఎప్పుడూ ఒక పలక ఉండేది. మార్కాపురం పలకే, చెక్క ఫ్రేముది. కాగితం ముట్టరు. "సిద్ధాంతమంటే తుడిచేదానికి వీలుగా ఉండాల హరీ" అనేవారు. ఎడమచేతి చొక్కా చేత్తో తుడిచేవారు. ఆ ఒక్క చెయ్యి సున్నం బట్టీలో పనిచేసి వచ్చినట్టు ఎప్పుడూ తెల్లగా ఉండేది. వాళ్ళావిడ మగ్దలీనమ్మగారు ఆయన చొక్కాలకు ఎడమ చెయ్యి విడిగా ఉతికేవారని ఊళ్ళో చెప్పుకుంటారు. ఆ మాట ఊళ్ళో పుట్టించింది నేనే.

మా చిన్నాన్న కొడుకు కృష్ణ పెళ్ళికి సారును పిలిచాం. అక్షింతలు వేయడానికి మంటపం ఎక్కినాయన అక్షింతలు గుప్పిట్లోనే పెట్టుకుని పెళ్ళికొడుకును పట్టుకున్నారు.

"నాయనా, 'పెళ్ళి' అను."

"పెళ్ళి."

"రెండయితే?"

"పెళ్ళిళ్ళు" అన్నాడు కృష్ణ, పాపం, నిజాయితీగా.

పెళ్ళికూతురు మేనమామలు విస్తళ్ళ ముందునుంచి లేచారు. మా చిన్నాన్న అడ్డం పరిగెత్తి "ఒకటే సార్, మావాడికి ఒకటే" అంటుంటే, సారు శాంతంగా, "ఒకటైతే నాకు లాభం ల్యా. రెండోది వస్తేనే గదా ఆ శబ్దం ఏం చేస్తాదో తెలిసేది" అన్నారు. ఆరోజు సారును నేను ఎంత వేగంగా తప్పించానంటే, నా ఆటో స్పీడు ముల్లు పూర్తిగా ఒక చుట్టు తిరిగి మళ్ళీ సున్నా దగ్గరికి వచ్చి నిలబడింది.

ఇంకోసారి ధాబా దగ్గర లారీ డ్రైవరు పాల్ రాజును పట్టుకున్నారు.

"కత్తి రెండయితే కత్తులైంది. బల్లి రెండయితే బల్లులైంది. చివర 'ఇ' పోయి 'ఉ' వచ్చింది. మరి నీ లారీ రెండయితే లారూలు ఎందుకు కాలేదు?"

పాల్ రాజు లేచి నిలబడి, "సార్, నా బండికి పర్మిట్టుంది, ఇన్సూరెన్సుంది, ఏదీ మార్చాల్సిన పన్లేదు" అన్నాడు. సారును చెకింగు ఆఫీసరు అనుకున్నాడు. సారు మాత్రం మురిసిపోయారు. "విన్నావా హరీ, పర్మిట్టుందంట. సరిగ్గా అదే. కొన్ని మాటలకు పర్మిట్టుంటాది, చట్టం వాటిని ఆపదు."

ఏది ఎప్పుడు అతికింది, ఏది ఎప్పుడు మారింది, ఈ వెనకా ముందుల్లోనే ఉంది ఆయన జీవితమంతా. నాకు అర్థమయ్యేలా చెప్పాలని ఒకరోజు మా స్టాండులో బజ్జీల బండి దగ్గరికి తీసుకుపోయారు.

"గురమ్మా, ఉల్లిగడ్డ పిండిలో కలిపి వేయిస్తావా, వేయించినాక పైన చల్లుతావా?"

"రెండూ ఉండాయి సారూ. మీకేది కావాల?"

"చూసినావా హరీ. గడ్డ అదే, నూనె అదే. నూనెలో పడకముందు చేరిన ముక్క ఎర్రగా మారింది. పడినాక చేరిన ముక్క పచ్చిగానే ఉంది. మాటల్లో ముక్కలూ ఇంతే. కొన్ని ముందే చేరి నూనెలో పడతాయి. కొన్ని తీరిగ్గా వస్తాయి, వాటికి సెగ తగలదు. కత్తి ముందే చేరింది. లారీ తీరిగ్గా వచ్చింది."

"ఆ బజ్జీ ఆరిపోతాంది సారూ" అంది గురమ్మ.

నాకు మాత్రం పూర్తిగా అర్థమైంది. నేను రెండు రకాలూ తిన్నాను.

సారుకు అన్నిటికంటే ఇష్టమైన మాట యర్రగొండపాలెం. మేమంతా దాన్ని వైపాలెం అంటాం. సీటు నింపుకునే తొందరలో ఎర్రకు, కొండకు టైం ఎక్కడుంది? వైపాలెం అని వినబడితే సారు చెవులు మూసుకునేవారు. "కొండ ఎక్కినా కొండే, దిగినా కొండే. ఎర్ర పక్కన చేరేసరికి గొండ అయింది. అసలు 'క' ఎప్పుడు 'గ' అయింది హరీ?" అని ఒకసారి నన్ను నిలదీశారు.

"త్రిపురాంతకం దాటినాక సార్" అన్నాను. దారిలో త్రిపురాంతకం తరువాతే కదా ఆ ఊరు వచ్చేది.

సారు ఇల్లు వచ్చేదాకా నాతో మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దాన్ని నేను ఎంత ఆనందించానో చెప్పలేను.

ఆ ఊరి పేరు మా స్టాండులో పూర్తిగా పలికే మనిషి ఒక్కడే ఉండేవాడు. శివయ్య మామ. ఆటోలు నిండేదాకా ఊళ్ళ పేర్లు పెట్టి కేకలు వేసి జనాన్ని ఎక్కించడం ఆయన పని. మామ గొంతు సంగతి చెప్తే మీరు నమ్మరు. ఇక్కడ "గిద్దలూరు" అని కేక వేస్తే గిద్దలూరులో ఉన్నవాళ్ళు "ఆఁ, ఏంది?" అనేవాళ్ళు. యర్రగొండపాలెం అని ఆయన ఒక్క ఊపిరిలో దీర్ఘం తీసేటప్పుడు సారు ఎక్కడున్నా పలక పక్కన పెట్టి కళ్ళు మూసుకుని వినేవారు.

మొన్న వానాకాలంలో శివయ్య మామకు పక్షవాతం తగిలింది. మందులకు కాలు వచ్చింది, చెయ్యి సగం వచ్చింది. నాలుక మాత్రం సరిగా తిరగలేదు. మాట పోలేదు, ముక్కలైంది. ఒక ముక్క ఇప్పుడు వస్తే ఇంకోటి కాసేపటికి వస్తుంది. కాస్త లేచాక ఒకరోజు స్టాండుకు వచ్చి కేక వేయబోయాడు. "త్రి" అన్నాడు. మిగిలిన ఊరు బయటికి వచ్చేలోపల ఎవరో ప్యాసింజరు కిసుక్కున నవ్వాడు. మామ నోరు మూసుకుని ఇంటికి పోయి ఇక తెరవలేదు. మాట్లాడేకొద్దీ నాలుక తిరుగుతుందని డాక్టరు చెప్పాడు. మామ డాక్టరుతో కూడా మాట్లాడలేదు.

మార్కాపురంలో మనిషి మాట్లాడకపోతే ఏం చేస్తారు? పలక ఇస్తారు. పలకలు చేసే ఊరు మరి. చూడటానికి వచ్చిన ప్రతి చుట్టమూ పండ్లతోపాటు బలపమూ తెచ్చాడు. మామకు రాత అంతంత మాత్రం, అందుకని ఎడమచేత్తో బొమ్మలు గీసేవాడు. ఆయన భార్య గంగమ్మత్త నా దగ్గర గోడు వెళ్ళబోసుకుంది.

"నిన్న గుండ్రంగా గీసినాడు నాయనా. దోసె అనుకోని పప్పు నానబోసి, రుబ్బి, పోసిస్తి. కాదంట, ఫ్యాన్ వేయమన్నాడంట. చెమటకు తడిసి ముద్దైనాడు నా దోసె ముందర కూసోని."

ఇంట్లో ఇలా ఉంటే స్టాండులో వేరే కథ. మా ఆటో సంఘం ప్రెసిడెంటు కాటమరాజన్న చెడ్డవాడు కాదు, తొందర మనిషి. ఒక మైకు డబ్బా కొనుక్కొచ్చి ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా సంఘం గదిలో పెట్టాడు. దాంట్లో ఊళ్ళ పేర్లు రికార్డు చేసి పెడితే అదే అరుస్తూ ఉంటుంది, దానికి టీ కూడా అక్కర్లేదు.

"శివరాత్రికి త్రిపురాంతకానికి జనం విరగబడి వస్తారు. కేక లేకుంటే బండ్లు నిండవు" అన్నాడు మీటింగులో. "శివయ్య ఆపాటికి వచ్చి కేకేస్తే డబ్బా వాపసిస్తా. రాకుంటే ఆ పని డబ్బాదే. నన్నెవరూ అనొద్దు."

అందరం ఎవరి ఆటో వాళ్ళం తీసుకున్నాం. గంగమ్మత్త మాత్రం సంఘం గది ముందు కొంగు నోట్లో పెట్టుకుని నిలబడి, లోపల కవరులో ఉన్న ఆ డబ్బాను సవతిని చూసినట్టు చూసి పోయింది.

ఆ సాయంత్రమే సారు నా ఆటో ఎక్కి "శివయ్య ఇంటికి పోనీ" అన్నారు. పరామర్శకు అనుకున్నాను. లోపలికి పోతూనే మామ మంచం మీద ఉన్న పలకను లాక్కుని చంకలో పెట్టుకున్నారు.

"నా పలక పగిలింది శివయ్యా. ఇది నాకు కావాల."

రోగి నోటి దగ్గర కూడు లాగినట్టుంది నాకు. శివయ్య మామ కళ్ళెర్రజేసి చెయ్యి చాపాడు. సారు గమనించనట్టే గంగమ్మత్త వైపు తిరిగారు.

"గంగమ్మా, నేను లెక్కలేసి తేల్చినా. యర్రగొండపాలెంలో కొండ ఎర్రది కాదు, నల్లది. కాబట్టి అది నల్లగొండపాలెం. ఇన్నాళ్ళూ శివయ్య తప్పు కేకేసినాడు."

మామ మంచం మీద కదిలాడు.

"పాలెం కూడా కాదు. పల్లె. నల్లగొండపల్లె. హరీ, రేపటినుంచి అట్లనే కేకేయండి."

"ఎర్ర" అన్నాడు శివయ్య మామ.

గంగమ్మత్త చేతిలో గ్లాసు కిందపడింది. మామ దవడ వణుకుతోంది. సగమే వచ్చిన చేతిని ఎత్తి సారు వైపు చూపిస్తున్నాడు.

"ఎర్ర... కొం... కొండ..." చాలాసేపటి తరువాత, "పాలెం."

ఇంకా కాసేపటికి, "తిక్క... సారు" అని కూడా అన్నాడు. అది మాత్రం చాలా స్పష్టంగా వచ్చింది.

సారు తిట్టును దండలాగా వేసుకుని మంచం పట్టె మీద కూర్చున్నారు. "శివయ్యా, నాకు కావాల్సింది ఇదే. ఊర్లో ఎవరిని అడిగినా అతికించి పారేస్తాండారు. ఒక్కడన్నా విడిగా చెప్పేవాడు దొరకలేదు నాకు. నువ్వు ముక్కలుగా చెప్పు. అతికించకు. అతికిస్తే నా పరిశోధన పాడైపోతాది."

"సారుకు ముదిరింది" అనుకున్నాను నేను.

మరుసటి రోజు స్టాండులో చూసేసరికి ఆ అనుమానం కూడా తీరింది. సారు గురమ్మ బండి పక్కన స్టూలు వేసుకుని, ఆ లాక్కొచ్చిన పలక ఒళ్ళో పెట్టుకుని, ప్రతి డ్రైవరునూ ఆపుతున్నారు.

"ఏ ఊరికి?"

"త్రిపురాంతకం సార్."

"అతికించకు. ముక్కలుగా."

"త్రి. పుర. అంతకం."

"మధ్యలో ఊపిరి తీసుకో. తొందరేంది, ఊరు యాడికీ పోదు."

మొదట తిట్టుకున్నాం. తరువాత తప్పించుకు తిరిగాం. చివరికి, ఆయన్ని దాటాలంటే ముక్కలు చెప్పడమే తక్కువ ఖర్చు అని తెలుసుకున్నాం. రోజూ చెప్పేసరికి అది నాలుకకు పట్టింది. కొన్నాళ్ళకు సారు లేకపోయినా "మార్కా. పురం" అంటున్నాం. గురమ్మ "మిరప. కాయ. బజ్జీ" అని అరుస్తోంది. కాటమరాజన్న ఇంట్లో భార్యను "నీళ్ళు. తీసు. కొని. రా" అన్నాడట. ఆమె భయపడి వాళ్ళ పుట్టింటికి ఫోను చేసింది.

అర్ధవీడునుంచి వచ్చిన ఒక ముసలమ్మ నా ఆటో పక్కన నిలబడి స్టాండంతా కలయజూసింది.

"ఏంది నాయనా, ఈ ఊర్లో అందరికీ నత్తేనా?"

"నత్తి కాదవ్వా, పరిశోధన" అన్నాను.

"మందు తినలేకపోయినారా" అంది జాలిగా.

సాయంత్రాలు సారు శివయ్య మామ ఇంటికి పోవడం మానలేదు. రోజుకొక ఊరి పేరు తప్పు చెప్పడం, మామకు తిక్క రేగడం, ముక్కలు రాలడం, సారు వాటిని పలక మీద రాసుకుని "భలే, అతికించకు" అనడం. ఒకరోజు దర్శి ఊరిని దర్శనం అన్నందుకు మామ చెంబు విసిరాడు. సారు ఆ చెంబు పట్టుకుని మగ్దలీనమ్మగారికి చూపించడానికి ఇంటికి తీసుకుపోయారు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

శివరాత్రి వచ్చింది. తెల్లవారేసరికి స్టాండు నిండిపోయింది. దోర్నాల అడవి గూడేలనుంచి, కంభం వైపునుంచి, ఎక్కడెక్కడినుంచో జనం. కాటమరాజన్న డబ్బా కవరు విప్పాడు. స్టాండు గేటు వైపు చూస్తే గంగమ్మత్త భుజం పట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాలు ఈడుస్తూ శివయ్య మామ వస్తున్నాడు.

మామ తన పాత చోట, కరెంటు స్తంభం పక్కన నిలబడ్డాడు. జనాన్ని చూశాడు. నోరు తెరిచి మూశాడు. గంగమ్మత్త నా వైపు చూసింది. నేను సారు వైపు చూశాను. సారు బజ్జీల బండి దగ్గర బలపం నలుపుతూ ఎటో చూస్తున్నారు.

"త్రి" అన్నాడు శివయ్య మామ.

ఆగింది. మిగిలిన ఊరు రాలేదు. ఇప్పుడు ఎవడు నవ్వుతాడోనని చుట్టూ చూశాను.

"పుర."

పక్కనుంచి పాల్ రాజు తమ్ముడు, మామను చూడకుండానే, తన ఆటో దగ్గర అలవాటుగా అరిచాడు. "త్రి. పుర. అంతకం."

అటునుంచి ఇంకో డ్రైవరు, "ఎర్ర. కొండ. పాలెం." గురమ్మ, "మిరప. కాయ." స్టాండు ఆ చివరినుంచి ఈ చివరిదాకా అందరం ముక్కలే.

"అంతకం" అని మామ తన మాట పూర్తిచేసే సమయానికి ఆయన ఎంత ఆలస్యంగా చేశాడో ఎవరికీ తెలియలేదు. నవ్వడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు. మార్కాపురంలో కేక ఇంతే కాబోలు అనుకుని జనం ఎక్కి కూర్చున్నారు.

కాటమరాజన్న తన తొందరలో డబ్బా మీట నొక్కాడు. అది ఊపిరి ఆడకుండా ఊళ్ళన్నీ కలిపి గడగడా వాగింది. గూడెంనుంచి పిల్లాపాపలతో వచ్చిన మల్లిక అనే ఆవిడ దాన్ని ఎగాదిగా చూసి, "ఆ పెట్టె ఏ ఊరికి పోతాదో దానికే తెలియనట్టుండాది. ఆ పెద్దాయన నిదానంగా చెప్తాండాడు, ఆడికి పోదాం రాండి" అని తనవాళ్ళనందరినీ మామ ముందున్న ఆటో ఎక్కించింది. అది నా ఆటోనే. ఎక్కినవాళ్ళెందరో చెప్తే పోలీసులు చదువుతారు.

కాటమరాజన్న మామ దగ్గరికి వచ్చి, "డబ్బా. వాపసు. ఇస్తా. శివయ్యన్నా" అన్నాడు. వెక్కిరింత కాదు. పాపం, ఆయనకూ అలాగే వస్తోంది. షాపువాడు వాపసు తీసుకోలేదు. ఇప్పుడది గురమ్మ బండి మీద పాటలు పాడుతోంది.

ఆ ఆదివారం మగ్దలీనమ్మగారిని చర్చినుంచి ఇంటికి తెస్తూ ఉండబట్టలేక అడిగాను.

"అమ్మా, సారు పరిశోధన అయిపోయినట్టేనా? మా స్టాండులో అందరి దగ్గరా ముక్కలు ఏరుకున్నారు గదా."

ఆమె నవ్వారు. "యర్రగొండపాలెంలో ముక్కలెన్నో మీ డ్రైవర్లనడిగి తెలుసుకోవాల్నా హరీ ఆయన? సర్వీసంతా చెప్పిన పాఠమే గదా అది."

"మరి?"

"ముక్కలుగా మాట్లాడేవాడు ఒక్కడే ఉంటే నవ్వుతారు. ఊరంతా మాట్లాడితే ఎవరు నవ్వుతారు?"

ఇల్లు వచ్చింది. సంచీలు లోపల పెట్టబోతే వంటింట్లో ఊరగాయ జాడీ మీద మూతగా ఒక పలక కనబడింది. చెక్క ఫ్రేముది. సారు పాత పలకే. ఎక్కడా చిన్న పగులు కూడా లేదు. అయితే ఇదంతా నేను ముందే కనిపెట్టాననే స్టాండులో చెప్పుకున్నాను. మీరూ అలాగే అనుకోండి.

ఎండలు ముదిరాక ఒకరోజు, సారు నా ఆటోలో కూర్చుని పాఠం మొదలుపెట్టబోతుండగా, కరెంటు స్తంభం దగ్గరినుంచి కేక వచ్చింది.

"యర్రగొండపాలెం..."

ఒక్క ఊపిరి. ఎక్కడా తెగలేదు. ఎర్ర, కొండను పట్టుకుంది, కొండ గొండ అయింది, పాలెం దాకా దీర్ఘం సాగింది. పాత గొంతులో ముప్పాతిక వంతు ఉంటుంది. ఆ ఊళ్ళో ఎవరో ఒకరు "ఆఁ" అనే ఉంటారు. స్టాండంతా ఒక్క క్షణం ముక్కలు మానేసింది.

సారు తల బయటపెట్టి గట్టిగా కసిరారు. "ఎవరు అతికించమన్నారయ్యా నిన్ను?"

"నా... ఇష్టం" అన్నాడు శివయ్య మామ, మీసం దువ్వుకుంటూ.

సారు తల లోపలికి తీసుకుని, ఎడమచేతి చొక్కా చేత్తో ముఖం తుడుచుకున్నారు. అద్దంలో చూస్తే బుగ్గలు, ముక్కు, నుదురు మొత్తం సుద్దతో తెల్లగా ఉన్నాయి. చాలాసేపు మాట్లాడలేదు. ఈసారి ఆ నిశ్శబ్దం నాకు పట్టలేదు, నేనే కదిపాను.

"సార్, ఇంతకీ 'క' ఎప్పుడు 'గ' అయింది?"

సారు పలక తీసి చూశారు, దాని మీద ఉన్నదంతా తుడిచేశారు, బయట ఎండలోకి చూస్తూ అన్నారు.

"త్రిపురాంతకం దాటినాక హరీ."

ఈ సంగతి మీద పెద్ద పెద్ద యూనివర్సిటీలు ఇంకా కొట్టుకుంటున్నాయట. కొట్టుకోనివ్వండి. ఆ జవాబు మొదట చెప్పింది మాత్రం నేనే.